దీవి ప్రయాణానికి మన సొంత ప్రణాళిక – నాలుగో పాఠం: తిథి చూసి తేదీ నిర్ణయించడం

మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చదివాక, ఈసారి నేరుగా ఆటుపోట్లలోకి దిగే ధైర్యం నాకు లేకపోయింది. అండమాన్‌లోని నీల్ దీవిలో మూడు రాత్రులు గడిపి హైదరాబాదు తిరిగి వచ్చే ప్రణాళిక రాయమని అడిగాను, తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచమని కూడా చెప్పాను. మీలో చాలామంది ఆ రోజును ఖాళీగానే ఉంచారు, కాని నీల్‌లోనే ఉంచారు. ఎక్కడ ఉంచాలో నేను రాయలేదు కనుక తప్పులో సగం నాది. ఆ ఖాళీ రోజు విశ్రాంతి కోసం కాదు. గాలి పెరిగి ఫెర్రీలు ఆగిపోతే, దీవిలో ఎన్ని రోజులు ఖాళీ ఉన్నా మీకూ విమానాశ్రయానికీ మధ్య సముద్రం అలాగే ఉంటుంది. అందువల్ల ఆ రోజు, దాని ముందు రాత్రి, రెండూ విమానాశ్రయం ఉన్న పోర్ట్ బ్లెయిర్‌లోనే గడవాలి. ఫెర్రీ ఒక రోజు ఆలస్యమైతే ఆ ఖాళీ రోజు ఖర్చవుతుంది, విమానం మాత్రం దక్కుతుంది.

రెండో పొరపాటు పేర్లది. ఇద్దరు పక్క దీవి అయిన హావ్‌లాక్‌లో గది తీసుకుని నీల్‌కు ఫెర్రీ రాశారు. 2018 డిసెంబరు 30న హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌కు షహీద్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేర్లు, మనుషుల నోట పాత పేర్లు వినబడతాయి కాబట్టి మీ కాగితం మీద రెండూ పక్కపక్కన రాసుకోండి. చవకగా వస్తోందని జూన్‌లో విమానం తీసుకున్న వారికి చెప్పగలిగింది ఒక్కటే: నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, మే నెలలోనే, అండమాన్ చేరతాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఉన్న నెలల్లోంచి మళ్లీ ఎంచుకోండి. నన్ను అడిగితే ఫిబ్రవరి, మార్చి.

ఇక అసలు పాఠం. గదులు, సామాను, చేతిలో కొంత నగదు ఉంచుకోవడం వంటివి మీకు తెలిసినవే కనుక వాటిని వదిలేస్తున్నాను. హుస్సేన్ సాగర్ చుట్టూ పెరిగినవారికి తెలియనిది సముద్రం రోజూ రెండుసార్లు వెనక్కు వెళ్లి రెండుసార్లు ముందుకు వస్తుందన్న సంగతి; మరింత సరిగ్గా చెప్పాలంటే, తెలిసినా ప్రణాళికలో రాయని సంగతి. నీరు పెరగడం పోటు, తగ్గడం ఆటు. నీల్ లాంటి చిన్న దీవిలో ఏ తీరం ఎప్పుడు బాగుంటుందన్నది పూర్తిగా దీని మీదే ఆధారపడుతుంది. లక్ష్మణ్‌పూర్ రెండో తీరంలో సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉంది, అక్కడి బెంగాలీ కుటుంబాలవారు దాన్ని సరదాగా హౌరా బ్రిడ్జి అంటారు. దాని దగ్గరకు నడిచేది నీరు తగ్గాక బయటపడే రాళ్ల మీదుగా. అందుకు విరుద్ధంగా భరత్‌పూర్ తీరంలో ఈదాలంటే నీరు నిండుగా ఉండాలి, ఆటు వేళ అక్కడ పగడపు దిబ్బ పైకి తేలి, చాలా దూరం మోకాలి లోతు కూడా ఉండదు. దాని మీద నడిస్తే మీ కాలికీ గాయమే, పగడానికీ గాయమే.

ఆటుపోట్ల పట్టికలను భారత సర్వే విభాగం ఏటా ప్రచురిస్తుంది. సముద్రం అలజడిగా ఉండే రోజుల హెచ్చరికలను మన నగరంలోనే, ప్రగతినగర్ దగ్గర ఉన్న ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) సంస్థ ఇస్తుంది. సముద్రానికి ఇంత దూరాన కూర్చుని హిందూ మహాసముద్రంలో సునామీ జాడలు కనిపెట్టే కేంద్రం కూడా అదే. పట్టిక తీసుకునేటప్పుడు పోర్ట్ బ్లెయిర్‌ది తీసుకోండి. విశాఖపట్నం పట్టికతో నీల్‌కు వెళ్లడం అంటే, సికింద్రాబాదు రైళ్ల వేళలు చూసుకుని విజయవాడలో రైలెక్కబోవడం.

ఇప్పుడు నాకు ఓపిక నశింపజేసే పొరపాటు దగ్గరకు వస్తున్నాను. మొదటి రోజు ఆటు వేళ చూసి, అదే వేళను అన్ని రోజులకూ దించేయడం. చంద్రుడు రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు, ఆటుపోట్లు అతని వెంటే నడుస్తాయి. సోమవారం మధ్యాహ్నం 1 గంటకు ఆటు అనుకోండి. మంగళవారం 1.50, బుధవారం 2.40, గురువారం 3.30. కూకట్‌పల్లి నుంచి రాసిన ఒక పాఠకుడు నాలుగు రోజులకూ 1 గంటే రాసి, గురువారం 1 గంటకు వంతెన చూసి 2.30కు ఫెర్రీ ఎక్కుతానన్నారు. ఆయన వెళ్లేసరికి రాళ్లు ఇంకా నీటిలోనే ఉంటాయి, అవి పూర్తిగా బయటపడే 3.30కు ఆయన ఫెర్రీలో ఉంటారు. మరొకరు ఇంకో అడుగు ముందుకు వేసి, వచ్చే సోమవారానికీ అదే 1 గంట రాశారు. ఏడు రోజులకు 350 నిమిషాలు, అంటే దాదాపు 6 గంటలు జరుగుతుంది. ఒక ఆటుకూ దాని పక్క పోటుకూ ఉన్న దూరం కూడా ఇంచుమించు అంతే కనుక, వారం తిరిగేసరికి ఆయన చూడబోయేది ఆటు కాదు, పోటు. అదే పక్షం రోజులు ఆగితే, దాదాపు 12 గంటలు జరిగి, రోజులోని రెండో ఆటు మొదటిదాని చోటికి వస్తుంది. అందుకే ఒక చోట పౌర్ణమి నాడు ఏ వేళకు పోటు వస్తుందో అమావాస్య నాడూ ఇంచుమించు అదే వేళకు వస్తుంది. ఈ 50 నిమిషాలన్నది సగటు మాత్రమే అని గుర్తుంచుకోండి: అమావాస్య, పౌర్ణమిల దగ్గర తక్కువగా, అష్టమి దగ్గర గంటకు పైగా కూడా జరుగుతుంది. చివరి మాట పట్టికదే.

వేళ ఒక్కటే సరిపోదు, ఎంత తగ్గుతుందన్నది కూడా చూడాలి. ఇక్కడే గోడ మీది తెలుగు క్యాలెండర్ పనికొస్తుంది. నేను విమానం ధర కంటే ముందు తిథి చూస్తాను. సూర్యచంద్రుల లాగుడు ఒకే వరుసలో కలిసే అమావాస్య, పౌర్ణమిల తరువాత ఒకటి రెండు రోజులకు, అంటే పాడ్యమి, విదియల నాటికి, నీరు బాగా పెరిగి బాగా తగ్గుతుంది. అండమాన్‌లో ఆ తేడా దాదాపు రెండు మీటర్లు. అష్టమి, నవముల ప్రాంతంలో మీటరు కూడా ఉండదు. నేను మొదటిసారి వెళ్లింది నవమి నాడు. పట్టికలో ఉన్న వేళకే వెళ్లి, తడిసిన రాళ్ల మీద గంటసేపు కూర్చుని, నీరు ఇంకా తగ్గుతుందేమోనని చూసి వెనక్కు వచ్చాను. అది తగ్గేది అంతే.

మరో చిన్న సంగతి: ఆటు పగటి వేళ పడాలి. నీల్ 93 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, హైదరాబాదు 78.5 దగ్గర ఉన్నాయి. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున దాదాపు గంట తేడా, గడియారం మాత్రం ఒకటే. డిసెంబరులో అక్కడ సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే సూర్యాస్తమయం అవుతుంది. ఆరింటి దాకా వెలుతురు ఉంటుందన్న మన అలవాటుతో 5.10 ఆటుకు బయలుదేరితే, జారే రాళ్ల మీద చీకట్లో తిరిగి రావలసి వస్తుంది. ఆటుకు గంట ముందు వెళ్లి, నీరు తిరుగుముఖం పట్టగానే వెనక్కు బయలుదేరండి. దారిలో పగడపు ముక్కలు అందంగా కనబడతాయి, ముట్టుకోకండి. వన్యప్రాణి రక్షణ చట్టం పగడాలకూ వర్తిస్తుంది, విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేస్తారు.

అభ్యాసం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూడు వేర్వేరు నాలుగు రోజుల గుత్తులు ఎంచుకోండి: ఒకటి పౌర్ణమి వెంట, ఒకటి అష్టమి వెంట, ఒకటి మీకు సెలవు దొరికే రోజుల్లో. ప్రతి రోజుకూ తిథి, రెండు ఆటులు, రెండు పోట్లు, సూర్యాస్తమయం రాయండి. మొదటి రోజు వేళలను మాత్రమే పట్టికలో చూడండి, మిగిలిన మూడు రోజులవీ చేత్తో లెక్కగట్టి, ఆ తరువాత పట్టికతో పోల్చి తేడా నిమిషాల్లో రాయండి. ఒకే రోజు లక్ష్మణ్‌పూర్‌లో నడక, భరత్‌పూర్‌లో ఈత, రెండూ వెలుతురులో కుదిరే రోజులు ఎన్నో తేల్చండి. ఈలోగా బాపట్ల దగ్గరి సూర్యలంకకు గాని, విశాఖకు గాని వెళ్లే పని పడితే, నీటి అంచున ఇసుకలో కర్ర పాతి, గంటకొకసారి చొప్పున ఆరు గంటలు చూసి అంచు ఎన్ని అడుగులు జరిగిందో రాసి పంపండి. ఆ ఆరు గంటలు కూర్చోలేనివారు మొదటి భాగం పంపితే చాలు, కాని వారి జవాబులను నేను చివర చదువుతాను.