నెమలి కునుకుతోందా? ముందు రెట్ట చూడండి, రొమ్ము ఎముక తడమండి

“నిన్న సాయంత్రం దాకా బాగానే తిరిగింది, పొద్దున చూస్తే లేవట్లేదు.” నెమళ్లు పెంచేవాళ్ల నోట ఈ మాట తరచూ వింటాం. ఆ జబ్బు వారం పది రోజుల కిందే వచ్చి ఉంటుంది. ఒంట్లో ఓపిక ఉన్నంత వరకు నెమలి దాన్ని బయటపడనివ్వదు. అందుకే అది ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసి కునుకుతూ కనిపించిందంటే ‘రేపు చూద్దాం’ అనుకోకూడదు.

మగ నెమలి పింఛం రాల్చడం మాత్రం జబ్బు కాదు. జతకట్టే కాలం అయ్యాక ఏటా రాలి మళ్లీ వస్తుంది. మొదటిసారి పెంచేవాళ్లు ఈకల కుప్ప చూసి డాక్టర్ దగ్గరికి పరుగెడతారు, పాపం. పక్షి తింటూ, చురుగ్గా ఉంటే టెన్షన్ అక్కర్లేదు.

మందుకు ముందు చేయాల్సినవి

మిగతావాటి నుంచి వేరుచేసి, గాలి ఆడే చిన్న గదిలో పెట్టండి. అక్కడ వేడి 30 డిగ్రీల దగ్గర ఉండాలి. బల్బు ఒక మూలకే పెడితే వేడెక్కువైనప్పుడు పక్షి పక్కకు జరుగుతుంది. మేత, నీళ్లు ముక్కుకు అందేంత దగ్గరలో ఉంచండి. పట్టుకునేటప్పుడు పింఛం లాగొద్దు, ఈకలు చేతిలోకి ఊడివస్తాయి. చీకటి పడ్డాక, రెక్కలు ఒంటికి అదిమి, కాళ్లు కలిపి పట్టుకుంటే పెనుగులాట తక్కువ.

పట్టుకున్నప్పుడే రొమ్ము మధ్యలో నిలువుగా ఉండే ఎముకను తడిమి చూడండి. రెండువైపులా కండ నిండుగా తగలాలి. ఎముక కత్తి అంచులా చేతికి గుచ్చుకుంటే పక్షి చాలా రోజులుగా చిక్కిపోతున్నట్టు. పైన ఈకలు దట్టంగా ఉండటం వల్ల కంటికి ఇది తెలియదు. తూకం కూడా రాసిపెట్టుకోండి, డాక్టర్ మోతాదు లెక్కగట్టేది దాన్ని బట్టే.

చాలామంది చేసే తప్పు, చేతికి దొరికిన యాంటీబయాటిక్ పొడిని నీళ్ల తొట్టిలో కలిపేయడం. జబ్బుపడ్డ పక్షి నీళ్లే సరిగ్గా తాగదు, ఇక మందు లోపలికి ఎంత వెళ్తుంది? పైగా పొట్టపురుగులకు యాంటీబయాటిక్‌తో ఏం పని?

రెట్ట ఏం చెబుతుంది

రాత్రి నెమలి వాలే కర్ర కింద పాత కాగితం పరిచి, పొద్దున చూడండి. గట్టిగా, గోధుమ రంగులో, పైన తెల్లటి టోపీ పెట్టినట్టు ఉంటే అంతా బాగున్నట్టే. మధ్యమధ్యలో చాక్లెట్ రంగులో జిగురుగా, ముక్కు మూసుకునేంత కంపుతో ఒక రెట్ట పడుతుంది. అది పెద్దపేగు మొదట్లో ఉండే సంచుల నుంచి వచ్చేది, మామూలే. దాన్ని విరేచనం అనుకుని మందు వేసేవాళ్లు ఎందరో.

ఆకుపచ్చగా మెరిసే పలుచని రెట్ట చాలావరకు మేత మానేసిందనడానికి గుర్తు. కారణం మాత్రం వేరే వెతకాలి.

గంధకం లాంటి పసుపు రంగు, దాంతోపాటు రెక్కలు వాలడం, నడకలో తూలడం ఉంటే బ్లాక్‌హెడ్‌ను అనుమానించాలి. ఇది నెమళ్లను చంపే పెద్ద జబ్బుల్లో ఒకటి. హిస్టోమోనాస్ అనే సూక్ష్మజీవి పేగును, కాలేయాన్ని తినేస్తుంది. పేరులో ‘నల్ల తల’ ఉన్నా తల నల్లబడాలని లేదు. ఈ సూక్ష్మజీవి పేగులో ఉండే ఒక సన్నపురుగు గుడ్లలో దాక్కుంటుంది. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, వానపాముల ద్వారా కూడా చేరతాయి. కోళ్లు దీన్ని మోస్తూ కూడా పైకి ఆరోగ్యంగానే కనిపిస్తాయి. అందుకే కోళ్లు తిరిగిన నేల మీద నెమళ్లను వదలొద్దని గట్టిగా చెబుతాను. పెంపుడు పక్షులకు డాక్టర్లు ఎక్కువగా మెట్రోనిడజోల్ ఇస్తారు, పురుగుకు ఫెన్‌బెండజోల్ వేరుగా వాడాలి. గుడ్లు, మాంసం కోసం పెంచే పక్షులకు మెట్రోనిడజోల్ చాలా దేశాల్లో నిషేధం.

రెట్టలో రక్తం, అదీ కొన్ని వారాల వయసు పిల్లల్లో కనిపిస్తే రక్త పారుడు, అంటే కాక్సిడియోసిస్. కింద పరిచిన పొట్టు తడిస్తే అదే దీనికి పుట్టిల్లు. ఆంప్రోలియం నీళ్లలో కలిపి 5 రోజులు, తర్వాత మోతాదు తగ్గించి ఇంకో వారం రెండు వారాలు ఇస్తారు. ఆ రోజుల్లో బి1 విటమిన్ టానిక్ ఇవ్వొద్దు, మందు పనిచేయదు. పొట్టు మార్చకపోతే మందు ఎంత పోసినా దండగే.

రెట్ట మామూలుగానే ఉండి, రొమ్ము ఎముక పదునెక్కుతుంటే పొట్టలో పురుగులు ఉండొచ్చు. తాజా రెట్టను ల్యాబ్‌కు పంపితే ఏ పురుగో తేలుతుంది. అత్యవసరం కాకపోతే కొత్త ఈకలు మొలిచే రోజుల్లో ఫెన్‌బెండజోల్ వేయకండి, ఈకలు వంకరపోతాయి.

నోరు తెరిచి ఊపిరి తీస్తోంది

ఎండలో కాసేపు అలా ఉంటే పర్వాలేదు. నీడలోనూ మెడ సాచి, తల విదిలిస్తూ గాలి మింగుతుంటే టార్చ్ వేసి గొంతు చూడండి. శ్వాసనాళంలో ఎర్రటి పురుగులు ఉంటే పొట్టపురుగులకు ఇచ్చే మందే పని చేస్తుంది. వానపాములు, నత్తలు తిన్న నెమళ్లలో ఇది ఎక్కువ. నోట్లో పసుపుగా, జున్నుముక్కలా ఉన్న పూత అయితే అది క్యాంకర్ అనే అంటు జబ్బు, పావురాలతో నీళ్లు పంచుకుంటే వస్తుంది. దాన్ని గోకి తీయకండి, రక్తం కారి ఊపిరాడదు.

కంటి మూలలో నురుగు, కంటి కింద వాపు, తుమ్ములు కలిస్తే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా జబ్బు కావచ్చు. టైలోసిన్ లాంటి మందుతో లక్షణాలు తగ్గినా పక్షి దాన్ని మోస్తూనే ఉంటుంది, వేరేవాటికి అంటిస్తుంది. అందుకే కొత్తగా తెచ్చిన పక్షిని కనీసం 30 రోజులు విడిగా ఉంచాలి.

కుంటుతోంది

పాదం కింద నల్లటి పక్కు, చుట్టూ వాపు ఉంటే బంబుల్‌ఫుట్, అంటే పాదంలో చీము పట్టే జబ్బు. వాలే కర్ర గరుకుగా ఉందా, ఎత్తు నుంచి గట్టి నేల మీదికి దూకుతోందా చూడండి. పక్కు పీకితే చీము లోపలికి పాకుతుంది, డాక్టరే కోసి శుభ్రం చేయాలి. పిల్లలకు నున్నటి నేల మీద కాళ్లు పక్కలకు జారిపోతాయి, ముందే గరుకు పరుపు వేయాలి.

పెట్ట కదలకుండా తోక ఆడిస్తూ ముక్కుతుంటే గుడ్డు ఇరుక్కుని ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్లలో 15, 20 నిమిషాలు కూర్చోబెట్టండి. గుడ్డు రాకపోతే వెంటనే డాక్టర్. లోపల పగలకొట్టే సాహసం వద్దు.

ఇంకో సంగతి. నెమలికి మెరిసే వస్తువంటే ఇష్టం. మేకులు, వైరు ముక్కలు మింగి జింకు విషంతో నీరసపడిన పక్షికి ఎన్ని పొట్టపురుగుల మందులు పోసినా లాభం లేదు, ఎక్స్‌రేలో తెలుస్తుంది.

ఒకేసారి చాలా చస్తున్నాయి

మెడ తిరిగిపోవడం, రెక్కలు వాలిపోవడం, ఒక్కరోజులో వరుసగా చావులు ఉంటే కొక్కెర తెగులు గానీ బర్డ్ ఫ్లూ గానీ కావచ్చు. మందు వెతక్కండి, పక్షులను ఎక్కడికీ తరలించకండి. చేతికి గ్లౌజులు, ముఖానికి మాస్కు వేసుకుని పశుసంవర్ధక శాఖకు వెంటనే చెప్పండి, చచ్చిన వాటిని వాళ్లు చెప్పినట్టే చేయాలి. అలాంటి అనుమానం లేక ఒక్క పక్షి మాత్రమే కారణం తెలియకుండా పోతే కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, 24 గంటల్లోగా పోస్ట్‌మార్టమ్‌కు తీసుకెళ్లండి. డీప్ ఫ్రీజర్‌లో పెడితే కణజాలం దెబ్బతిని పరీక్షకు సరిగ్గా పనికిరాదు.