మోకాలి పాఠాలు – 3: వెనక మడతలో గడ్డ

కిందటి పాఠంలో మోకాలి ముందు భాగాన్ని నొక్కి, నీరు చేరిందో లేదో చూడడం నేర్చుకున్నాం. ఈసారి చెయ్యి వెనక్కి పోనిద్దాం.

ధనుర్మాసం ముగిసిన వారానికి పెరంబూరు నుంచి మా అత్తయ్య ఫోను. "ఒరే అబ్బాయ్, మోకాలి వెనకాల నిమ్మకాయంత గడ్డ లేచిందిరా. మీ మావయ్య ఏవేవో చదివి బెంగపెట్టుకున్నారు." నెల రోజులు తెల్లవారుజామున వాకిట్లో గొంతుక్కూర్చుని ముగ్గేసిన మనిషి. వెళ్ళి చూశాను.

నిటారుగా నిలబడమన్నాను. మోకాలి గుంటలో లోపలివైపు, అంటే రెండో కాలికి దగ్గరగా ఉన్న పక్క, వేళ్ళు పెడితే గడ్డ గట్టిగా తగిలింది. కుర్చీలో కూర్చోబెట్టి కాలు సగం మడిపించాను. అదే చోట మెత్తబడి, దాదాపు మాయమైంది. చాచినప్పుడు గట్టి, మడిచినప్పుడు మెత్తన: బేకర్ సిస్ట్, అంటే మోకాలి వెనక నీరు నిండిన తిత్తి, గుర్తు ఇదే. మీరూ ఇంట్లో ఒకరి సాయంతో చూసుకోవచ్చు. కానీ గడ్డ నాడిలా కొట్టుకుంటున్నా, మడిచినా రాయిలాగే ఉన్నా అక్కడే ఆపి డాక్టరుకు చూపించండి. ఆ గుంటలోంచే పెద్ద రక్తనాళం పోతుంది.

పేరులో బేకర్ ఉన్నా బేకరీతో సంబంధం లేదు. 1877లో దీని గురించి రాసిన లండన్ సర్జన్ విలియం మోరంట్ బేకర్ పేరది.

ఇప్పుడు అసలు సంగతి. మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది కదా, నీళ్ళను పైకి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. మోకాలి వెనక రెండు కండరాల మధ్యనున్న చిన్న తిత్తికీ కీలుకీ మధ్య దారి కూడా చాలామందిలో ఇలాగే పనిచేస్తుంది. గుజ్జు అరిగినా, మెనిస్కస్ (కీలులో ఎముకల మధ్య మెత్తలాంటి పొర) చిరిగినా, కీళ్ళవాతం ఉన్నా కీలులో నీరు ఎక్కువ ఊరుతుంది, తిత్తిలోకి తోసుకుపోతుంది, తిరిగి రాదు. సూదితో లాగేస్తే తగ్గినట్టే ఉంటుంది, ఊట ఆగకపోతే మళ్ళీ నిండుతుంది. అందుకే గడ్డతో కుస్తీ వద్దు, కీలు సంగతి చూడాలి. పిల్లల్లో వచ్చేది వేరు. చాలావరకు దానంతటదే పోతుంది.

అత్తయ్యకు అల్ట్రాసౌండ్ తీయించాం. సిస్టే, కారణం అరుగుదల. గొంతుక్కూర్చోవడం బంద్. నొప్పి ఉన్నప్పుడు గుడ్డ చుట్టిన ఐసు పావుగంట. ఇక వ్యాయామం: కాలు చాచి పడుకుని మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. తొడ బిగించి దాన్ని కిందికి అదమండి, అయిదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, పూటకోసారి. ఊపిరి బిగబట్టకండి, అత్తయ్య మొదటిరోజు మొహం ఎర్రబడేదాకా బిగబట్టింది.

నూనె రాసి పిసికి గడ్డ "కరిగిస్తాం" అనేవాళ్ళ జోలికి పోకండి. సిస్ట్ పగిలితే నీరు పిక్కలోకి దిగుతుంది. పిక్క వాచి, వేడెక్కి, సలుపుతుంది. ఒక్కోసారి లోపలి చీలమండ కింద కమిలినట్టు నీలం తేలుతుంది. పిక్క నరంలో రక్తం గడ్డకట్టినా దాదాపు ఇవే లక్షణాలు. నా చేతికీ తేడా తెలియదు, ఎవరి చేతికీ తెలియదు. రాత్రంతా బస్సులో హైదరాబాదు నుంచి వచ్చి ఒక పిక్క మాత్రమే ఉబ్బితే మర్దన చేయకుండా ఆ రోజే డాప్లర్ స్కాన్ (రక్తం పారుతోందో లేదో చూసే అల్ట్రాసౌండ్) తీయించుకోండి. ఛాతీ నొప్పో ఆయాసమో తోడైతే ఆలోచించకుండా 108.

ఇంటిపని: మోకాలి చిప్ప కింద చేతికి తగిలే ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి, అక్కడ టేపుతో రెండు పిక్కల చుట్టుకొలతా రాసుకోండి. రేపెప్పుడైనా ఒకటి వాచిందనిపిస్తే పోల్చుకోవడానికి అంకె ఉంటుంది. మూడు సెంటీమీటర్లకు మించిన తేడాని డాక్టర్లు తేలిగ్గా తీసుకోరు.

అత్తయ్య ఇప్పుడు స్టూలేసుకుని గడపకు మాత్రం ముగ్గేస్తోంది. వచ్చే పాఠంలో సూది ఎప్పుడు, ఆపరేషన్ ఎప్పుడు అన్నది చూద్దాం.