నారోబోట్ అడుగు చూసుకోవడం – 4వ పాఠం: గుంట లోతు

కిందటి పాఠంలో పడవను డ్రై డాక్‌లోకి తెచ్చి, నీళ్ళు దించి, ప్రెషర్ వాషర్‌తో నాచూ బురదా కడిగేశాం. తారు ఉబ్బినట్టు కనిపించిన చోటల్లా సుద్దముక్కతో సున్నా చుట్టమన్నాను. ఈ పాఠం ఆ సున్నాల గురించే.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. ఇంగ్లండులో పాత ఇరుకు కాలువల లాకులు 7 అడుగుల వెడల్పే. వాటిలో పట్టాలి కాబట్టి మన నారోబోట్, అంటే ఇరుకు పడవ, సాధారణంగా 6 అడుగుల 10 అంగుళాలు మించదు. గోదావరి కాలువల లాకులు చూసి పెరిగినవాళ్ళకి ఈ ఏర్పాటు వేరే చెప్పక్కర్లేదు. ఇప్పటి పడవల్ని 10/6/4 అంటారు: అడుగు ప్లేటు 10 మి.మీ., పక్క ప్లేట్లు 6, కేబిన్ 4. 1970లు, 80లలో కట్టినవాటికి అడుగు కూడా 6 మి.మీ.లే ఉండడం మామూలు. మీ పడవ కొత్తగా ఉన్నప్పటి మందం తెలియకపోతే, ఎంత పోయిందో చెప్పలేం. పాత కాగితాలు వెతకండి. దొరక్కపోతే నీటిగీతకి బాగా పైన, తుప్పు తగలని చోట పక్క ప్లేటు కొలవండి.

తుప్పు రెండు రకాలుగా తింటుంది. ఒకటి ఒళ్ళంతా సమానంగా, నెమ్మదిగా. దానికి మనకి బోలెడు టైముంటుంది. రెండోది ఒక్కచోటే కూర్చుని లోపలికి తొలుచుకుంటూ పోతుంది. పడవను ముంచేది ఇదే. ప్లేటంతా 5.6 మి.మీ. ఉండి, బఠాణీ గింజంత చోట మాత్రం బొక్క పడితే, మిగతా 5.6 ఆ నీళ్ళని ఆపలేదు. అందుకే సర్వే కాగితంలో సగటు మందం చూసి నిశ్చింతగా ఉండొద్దని మళ్ళీ మళ్ళీ చెబుతాను. చూడాల్సింది అన్నిటికన్నా లోతైన గుంట.

ఇప్పుడు ఒక సున్నా దగ్గర కూర్చోండి. స్క్రేపర్, చిన్న సుత్తి, వైర్ బ్రష్, పాత గుడ్డ, టార్చి దగ్గర పెట్టుకోండి. కళ్ళద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి.

బొబ్బ పైన నారింజ రంగు టోపీలా ఉంటుంది. స్క్రేపర్ మూలతో పక్కనుంచి నెట్టండి, పెచ్చులా లేస్తుంది. పెచ్చు మందం చూసి గాభరా పడకండి. ఇనుము తుప్పుగా మారాక చాలా రెట్లు ఉబ్బుతుంది, పోయిన లోహం అంతకన్నా బాగా తక్కువ. కింద ఏముందో చూడండి. ఎర్రగా, గరుకుగా, పొడిగా ఉంటే అది మామూలు తుప్పు. కాటుకలా నల్లగా, తడిగా, కుళ్ళిన గుడ్డు వాసనతో ఉంటే మాత్రం ఆగండి. గుడ్డతో తుడవండి. అడుగున లోహం కొత్త చెంచాలా మెరుస్తుంది. మొదటిసారి ఆ మెరుపు చూసినప్పుడు, ఇక్కడ ఇనుము బాగానే ఉందనుకుని దాటిపోయాను. నిజానికి అది ఇంకా తొలుస్తున్న గుంట. గాలి అందని చోట, నీళ్ళలోని సల్ఫేటును వాడుకుని బతికే బ్యాక్టీరియా చేసే పని అది. ఆ నల్లది ఐరన్ సల్ఫైడ్. దాన్ని పూర్తిగా తవ్వి తీసి, మంచినీళ్ళతో గట్టిగా కడిగి, బ్లీచ్ కలిపిన నీళ్ళు పట్టించి, ఆరాక మళ్ళీ కడగాలి. బ్లీచ్‌తో పాటు యాసిడ్ మాత్రం ఎప్పుడూ వాడొద్దు, విషవాయువు వస్తుంది.

ఈ పని చేయకుండా పైనుంచి తారు పూస్తే లోపలివాటికి దుప్పటి కప్పినట్టే. నా పడవకి ఒక యార్డులో అదే జరిగింది. తడి ఆరకముందే రోలర్‌తో తారు లాగించేశారు. డాక్‌లోంచి బయటికి వచ్చిన రోజు పడవ నల్లగా నిగనిగలాడింది. రెండేళ్ళ తర్వాత ఎత్తి చూస్తే, పాత బొబ్బలున్న చోటే మళ్ళీ బొబ్బలు, ఈసారి ఇంకా లోతుగా. రంగు వేసే రోజు మీరు దగ్గర ఉండండి. చేత్తో తడిమి చూడండి. ఆ హక్కు మీది.

ఇక కొలత. సర్వేయరు వాడే అల్ట్రాసోనిక్ మీటరు శబ్దాన్ని ప్లేటులోకి పంపి, అవతలి ముఖం నుంచి తిరిగి రావడానికి పట్టిన టైమును మందంగా లెక్కేస్తుంది. ఉక్కులో శబ్దం సెకనుకి సుమారు 5,900 మీటర్లు పోతుంది. రంగులో అందులో సగం కూడా పోదు. అందుకని మామూలు మీటరును దళసరి తారు మీద ఆనిస్తే ఆ పొరని రెండు రెట్లకు పైగా లెక్కగట్టి, ప్లేటు ఉన్నదానికన్నా మందంగా ఉందని చూపిస్తుంది. రూపాయి బిళ్ళంత చోట తారు గీకి, ఇనుము బయటపెట్టి, జెల్ రాసి ఆనించండి. ముందు తెలిసిన మందమున్న ఇనుప ముక్క మీద మీటరు సరిచూసుకోవడం మరిచిపోవద్దు.

అసలు చిక్కు ఇక్కడుంది. మీటరు మూతి చదునుగా ఉంటుంది, గుంటలోకి దిగదు. కాబట్టి గుంట పక్కన, చదును చోట మందం చూడాలి. గుంట లోతు వేరే కొలవాలి. దానికి పిట్ గేజ్ ఉంటుంది. లేకపోతే కారు టైర్ల గాడి లోతు చూసే చిన్న గేజ్ చక్కగా పనిచేస్తుంది. దాని పాదం గుంటకి రెండు పక్కలా చదును మీద ఆనాలి, సూది అడుగు తాకాలి. మూడుసార్లు కొలిచి ఎక్కువ వచ్చిందే రాసుకోండి.

ఒక లెక్క చేద్దాం. పక్క ప్లేటు పుట్టుక మందం 6. గుంట పక్కన మీటరు 5.6 చూపింది. గుంట లోతు 1.8. మిగిలింది 3.8. మీటరు కాగితం ఒక్కటే చూస్తే ఈ పడవకి ఏ లోటూ లేదు. కానీ బ్రిటన్‌లో బీమావాళ్ళూ సర్వేయర్లూ మామూలుగా పట్టుకునే హద్దు 4 మి.మీ. ఆ ఒక్క గుంట దగ్గర పడవ ఆ హద్దు కిందికి వచ్చేసింది.

బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉందిగా అని కొందరు అడుగుతుంటారు. నాలుగేళ్ళకోసారి తీసుకునే ఆ సర్టిఫికెట్ గ్యాసు, డీజిలు, కరెంటు, మంటల భద్రత చూస్తుంది. అడుగు ప్లేటు మందం చూడదు. పడవ కొనబోయేవాళ్ళు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

గుంటలు ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి కారణం తెలుస్తుంది. నీటిగీత పొడవునా వరసగా ఉంటే, గాలీ నీళ్ళూ మారిమారి తగిలే పట్టీలో తారు అరిగిందని. ఆనోడ్లు (పడవ ఇనుముకి బదులు తాము కరగడానికి బిగించే లోహపు దిమ్మలు) ఏడాదికే కరిగిపోయి, మెరిసే గుంటలు హఠాత్తుగా పెరిగితే, మెరీనాలో, అంటే పడవలు కట్టేసే రేవులో, పడవకి తగిలించే కరెంటు తీగ మీద అనుమానపడండి. ఆ తీగలోని ఎర్త్ మీ పడవని పక్క పడవలతో కలిపి బ్యాటరీలా మారుస్తుంది. దానికి మందు, ఆ కరెంటుని అడ్డుకునే గాల్వానిక్ ఐసొలేటర్, లేదా ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. ఎర్త్ తీగ మాత్రం ఎవరు చెప్పినా తెంపొద్దు, ప్రాణాలు పోతాయి.

దొరికిన గుంటల్ని ఏం చేయాలి? విడివిడిగా పదో పన్నెండో ఉంటే శుభ్రం చేసి వెల్డింగుతో నింపించుకోవచ్చు. గుంపులుగా ఉంటే పైన కొత్త ప్లేటు వేయమంటారు. తొందరపడి ఒప్పుకోకండి. 6 మి.మీ. ప్లేటు చదరపు మీటరుకి 47 కిలోలు. 15 మీటర్ల పడవకి రెండు పక్కలా 60 సెం.మీ. ఎత్తున వేస్తే 18 చదరపు మీటర్లు, అంటే దాదాపు 850 కిలోలు. ఆ బరువుకి పడవ ఇంకాస్త దిగుతుంది, సింకు నీళ్ళు పోయే రంధ్రాలు నీటికి దగ్గరవుతాయి. లోపలి బరువు రాళ్ళు కొన్ని తీయించి సరిచేయాలి. ఇంకొకటి: గోడల వెనక స్ప్రే ఫోమ్ ఉంటుంది. వెల్డింగు వేడికి అది అంటుకోవచ్చు. లోపల ఒక మనిషి మంటలార్పే సిలిండరుతో కూర్చోకుండా వెల్డరును మొదలుపెట్టనివ్వకండి.

ఈసారి మీ పని. ఒక నోటుబుక్కు తీసుకుని, ముక్కు నుంచి తోక దాకా మీటరుకో గీత గీసుకోండి. ప్రతి గుంటకీ ఒక వరస: ముక్కు నుంచి ఎంత దూరం, నీటిగీతకి ఎంత కింద, పక్కన మందం, గుంట లోతు, మిగిలింది, లోపల నలుపా ఎరుపా. వెనక వీడ్ హ్యాచ్ (ప్రొపెల్లరుకి చుట్టుకున్న చెత్త తీసే మూత) చుట్టూ, ప్రొపెల్లరు వైపు సన్నబడే ప్లేట్లు, బయటికి పొడుచుకొచ్చిన అడుగు ప్లేటు అంచు వదిలేయకండి. రెండేళ్ళ తర్వాత మళ్ళీ డాక్‌కి వచ్చినప్పుడు అవే చోట్లు కొలిచి, తేడాని రెండుతో భాగించండి. 1.8 ఉన్నది 2.2 అయితే ఏడాదికి 0.2 చొప్పున తింటోందన్నమాట.

సుద్ద సున్నాలు చెరిపేముందు, స్కేలు పక్కన పెట్టి ఒక్కోదానికీ ఫోటో తీయండి. వచ్చే పాఠం ఆనోడ్ల మీద; అప్పుడు ఈ ఫోటోలు కావాలి.