బ్యాకప్‌కి విడి సర్వర్ కొనాలా, వీఎం సరిపోతుందా?

పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఒక నర్సింగ్ హోం. రెండు వీఎంవేర్ హోస్టులు (వీఎంలు నడిపే అసలు సర్వర్లు), ఐదారు వీఎంలు (వాటిలో సాఫ్ట్‌వేర్‌గా నడిచే వర్చువల్ మెషీన్లు), మొత్తం 2 టీబీ డేటా. బ్యాకప్ మాట రాగానే ‘ఇంకో వీఎం వేసేద్దాం, ఖర్చుండదు’ అంటారు. ఆ మాట సగమే నిజం. బ్యాకప్‌లో మూడు పనులున్నాయి: జాబ్‌లు నడిపే మేనేజ్‌మెంట్ సర్వర్, డేటా లాగే ప్రాక్సీ, ఫైళ్లు దాచే రిపాజిటరీ. మొదటి రెండూ వీఎంలో పెట్టుకోండి. మూడోదానికి మాత్రం విడి మెషీన్ కొనాల్సిందే.

ఎందుకంటే రిపాజిటరీ వీఎం డిస్కు కూడా అదే డేటాస్టోర్‌లో (వీఎంల డిస్కులన్నీ ఉండే స్టోరేజీలో) ఉంటే, ఆ రెయిడ్ (కలిపి కట్టిన డిస్కుల సెట్) పోయిన రోజు అసలూ నకలూ కలిసే పోతాయి. రాన్సమ్‌వేర్ వాళ్ల (డేటా తాళం వేసి డబ్బు అడిగేవాళ్ల) చేతికి వీఎంలన్నిటినీ నడిపే వీసెంటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ చిక్కితే, లోపల ఫైళ్లకి ఎంత ఇమ్యూటబిలిటీ (గడువు దాకా ఎవరూ చెరపలేని తాళం) పెట్టినా, వీఎంనే డిలీట్ చేసేస్తారు.

ప్రాక్సీ వీఎంగా ఉంటే హాట్‌యాడ్‌లో (బ్యాకప్ చేయాల్సిన వీఎం డిస్కుని ప్రాక్సీకి తగిలించే పద్ధతిలో) డేటా నేరుగా డేటాస్టోర్ నుంచి చదువుతుంది, వేగం బాగుంటుంది. ఒక్క జాగ్రత్త. జాబ్ మధ్యలో తెగితే వేరే వీఎం డిస్కు ప్రాక్సీకి అతుక్కుని ఉండిపోతుంది, ఆ వీఎం కన్సాలిడేషన్ (స్నాప్‌షాట్‌లో మిగిలిన మార్పుల్ని డిస్కులో కలపడం) అడుగుతుంది. ప్రాక్సీ సెట్టింగ్స్‌లో ఆ డిస్కుని రిమూవ్ చేయండి. ‘డిలీట్ ఫైల్స్ ఫ్రమ్ డేటాస్టోర్’ దగ్గర టిక్ పెట్టారా, అసలు వీఎం డిస్కే పోతుంది.

విడి మెషీన్‌కి 8 టీబీ డిస్కులు నాలుగు, రెయిడ్ 6లో వాడుకోడానికి 16 టీబీ. ఓఎస్‌కి రెండు చిన్న ఎస్ఎస్‌డీలు, 32 జీబీ ర్యామ్, బ్యాటరీ ఉన్న రెయిడ్ కార్డు. లైనక్స్ వేసి, డేటా వాల్యూమ్‌ని రీఫ్లింక్ (ఒకే డేటాని మళ్లీ రాయకుండా పంచుకునే సదుపాయం) ఆన్ చేసి ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేయండి. సింథటిక్ ఫుల్ (ఉన్న బ్యాకప్ ఫైళ్ల నుంచే కట్టే పూర్తి బ్యాకప్) త్వరగా అవుతుంది, చోటు మిగులుతుంది. ఆఫీసు లాగిన్‌లన్నీ ఉండే విండోస్ డొమైన్‌లో కలపొద్దు. సెటప్ అయ్యాక ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) ఆపేయండి. ఐడ్రాక్, ఐలో లాంటి పోర్టుని (సర్వర్‌ని దూరం నుంచి నడిపే పోర్టుని) ఆఫీసు నెట్‌వర్క్‌కి తగిలించొద్దు, అందులోంచి రెయిడ్‌నే చెరిపేయొచ్చు. గడియారం కూడా కాపాడుకోవాలి: తేదీ ముందుకి జరిపితే ఇమ్యూటబిలిటీ గడువు తీరిపోతుంది.

1 గిగాబిట్ లైనులో సెకనుకి సుమారు 110 ఎంబీ మించి రాదు, 1 టీబీకి రెండున్నర గంటలు. మొదటి ఫుల్ బ్యాకప్ శనివారం రాత్రి పెట్టుకోండి.

మేనేజ్‌మెంట్ వీఎం ఉన్న హోస్టే పోతే? దాని కాన్ఫిగ్ (సెట్టింగ్స్) బ్యాకప్ రోజూ ఎన్‌క్రిప్ట్ అయి రిపాజిటరీలో పడాలి, పాస్‌వర్డ్ కాగితం మీద బీరువాలో ఉండాలి. అప్పుడు ఏదో ఒక పీసీలో సాఫ్ట్‌వేర్ వేసి, కాన్ఫిగ్ ఎక్కించి రిస్టోర్ మొదలుపెట్టొచ్చు.

వేరే ఊళ్లో ఉంచే రెండో కాపీ శ్రీకాకుళంలో పెడితే చాలదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను అటు శ్రీకాకుళాన్నీ ఇటు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లానీ ఒకేసారి దెబ్బ కొట్టింది. హైదరాబాద్ లాంటి లోపలి ఊరు చూసుకోండి. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో గంటకి 9 జీబీ. 2 టీబీ పంపాలంటే తొమ్మిది రోజులు దాటుతుంది. మొదటి కాపీని ఎన్‌క్రిప్ట్ చేసి డిస్కు మీద పట్టుకెళ్లి ఇవ్వండి, రోజువారీ మార్పులు మాత్రం లైను మీద పంపండి.