రోజువారీ కాల్ ఎలా తగ్గించాం: నా అనుభవం

హైదరాబాద్‌లో మా టీమ్‌కి డల్లాస్ వాళ్లతో రోజూ కాల్ ఉండేది. వేసవిలో వాళ్లకి పొద్దున 10 అంటే మనకి రాత్రి 8:30, పిల్లలకి అన్నం పెట్టే వేళ. సగం సేపు టికెట్ల (ఒక్కో పనికి రాసుకునే నోట్) స్టేటస్ చదవడమే. అది టికెట్లు పెట్టుకునే జిరా (Jira) టూల్‌లో ఎలాగూ ఉంటుంది.

ఇప్పుడు ఇన్వైట్ పంపేముందు ఒక్క వాక్యం రాయమంటున్నాను: కాల్ అయ్యేసరికి ఏం తేలాలి? "రిలీజ్ గురువారమా, సోమవారమా" అని రాయగలిగితే పెడతాం, అదీ తేల్చే మనిషి వస్తేనే. "పేమెంట్స్ మీద చర్చ" అంటే చాట్‌లోనే కానిస్తాం. అక్కడ ఇద్దరూ చెరోవైపు లాగుతూ ఎంతకీ తెగకపోతే మాత్రం వెంటనే కాల్ చేసుకోవాలి, ఎందుకంటే రాతలో అయితే లేని కోపం కూడా ఉన్నట్టు కనిపిస్తుంది.

కొత్తగా చేరినవాళ్లకి ఈ నియమం పెట్టలేదు. వాళ్లతో ఊరికే మాట్లాడినా మంచిదే. రాత్రి కాల్ ఇప్పుడు మంగళవారం ఒక్కటే మిగిలింది.