ఆ స్పీడ్ కెమెరా ప్రాణాల కోసమా, పైసల కోసమా: లెక్క తేల్చుకునే పద్ధతి

రోడ్డు పక్కన కొత్తగా స్పీడ్ కెమెరా వెలిస్తే రెండు మాటలు వినిపిస్తాయి. పెట్టినవాళ్లు "మీ ప్రాణాల కోసమే" అంటారు. చలానా అందుకున్నవాళ్లు "మా జేబుల కోసమే" అంటారు. రెండింటిలో ఏదో ఒకదాన్ని గుడ్డిగా నమ్మాల్సిన పని లేదు, ఏ కెమెరా సంగతి ఆ కెమెరా దగ్గరే తేల్చుకోవచ్చు. అందుకు కెమెరా పెట్టకముందు 3 ఏళ్లు, పెట్టాక 3 ఏళ్లు ఆ చోట జరిగిన ప్రమాదాల రికార్డు కావాలి. వాహనాల వేగాలు, నెలనెలా పడిన చలానాల సంఖ్య, ఆ డబ్బు ఎటు పోతోందో చెప్పే కాగితం కూడా కావాలి. లెక్కలకు ఒక స్ప్రెడ్‌షీట్ చాలు.

ముందుగా, వేగం ఎందుకంత ముఖ్యం

గంటకు 50 కి.మీ. వేగంతో పోయే కారు సెకనుకు 13.9 మీటర్లు కదులుతుంది. ఎదురుగా మనిషి అడ్డం వచ్చాడు. డ్రైవరు చూసి బ్రేకు తొక్కేలోపు 1 సెకను పడుతుందనుకుందాం, అప్పటికే 13.9 మీటర్లు పోయింది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పడితే వేగం ప్రతి సెకనుకూ సుమారు 7 మీటర్ల చొప్పున తగ్గుతుంది, కాబట్టి ఇంకో 13.8 మీటర్లు పోయి ఆగుతుంది. మొత్తం 27.7 మీటర్లు. అదే కారు 60లో వస్తుంటే బ్రేకు తొక్కేసరికే 16.7 మీటర్లు పోతుంది, మిగిలింది 11 మీటర్లే. మొదటి కారు పూర్తిగా ఆగిన చోట ఈ రెండోది ఇంకా గంటకు 40 కి.మీ. వేగంతో ఉంటుంది. స్పీడోమీటర్‌లో 10 తేడా మనిషికి తగిలేసరికి 40 అవుతుంది. ఈ లెక్కను ఒకసారి స్వయంగా చేసి చూడమని మా మనవి, తర్వాత "పదే కదా ఎక్కువ" అనే మాట నోట రాదు.

స్వీడన్ పరిశోధకుడు యోరన్ నిల్సన్ చూపిన సంబంధం కూడా ఇదే దారిలో ఉంటుంది: రోడ్డు మీద సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాలు తీసే ప్రమాదాలు సుమారు 4 శాతం పెరుగుతాయి. కెమెరాల విషయానికొస్తే, 2010లో, పరిశోధనలను కూడగట్టి సమీక్షించే కాక్రేన్ సంస్థ 35 అధ్యయనాలను కలిపి చూసింది. కెమెరాల దగ్గర మొత్తం ప్రమాదాలు 8 నుంచి 49 శాతం, మరణాలు లేదా తీవ్ర గాయాలు కలిగించినవి 11 నుంచి 44 శాతం తగ్గినట్టు తేలింది. ఆ అధ్యయనాల నాణ్యత అంతంతమాత్రమేనని కూడా ఆ సమీక్షే చెప్పింది. మొత్తం మీద కెమెరాలు పనిచేస్తాయన్నది గట్టి మాటే. అయితే 8కీ 49కీ మధ్య ఎంత తేడా ఉందో చూడండి. మీ రోడ్డు మీది కెమెరా ఇందులో ఎక్కడ నిలుస్తుందన్నదే అసలు ప్రశ్న.

చోటు చూడండి, వేగం కొలవండి

కెమెరాకు 1 కి.మీ. ముందు నుంచి నడిచి వెళ్లండి. వేగ పరిమితి బోర్డు ఎక్కడుంది? చెట్టుకొమ్మ అడ్డుందా? పరిమితి 80 నుంచి 50కి పడిపోయిన కాసేపటికే కెమెరా ఉందా? పల్లం దిగుతున్న చోట, కాలు తీసినా బండి వేగం అందుకునే చోట పెట్టారా? చుట్టూ బడి, మలుపు, జనం దాటే చోటు ఏదైనా ఉందా? ఇవన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి.

తర్వాత వేగాలు కొలవాలి. రోడ్డు అంచున 50 మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టుకోండి, కరెంటు స్తంభాలున్నా సరిపోతుంది, దూరం మాత్రం టేపుతో కొలవాలి. రెండు గుర్తులూ ఒకే ఫ్రేములో పడేలా రోడ్డుకు దూరంగా, ఎత్తులో, గుర్తుల నడుమకు ఎదురుగా ఫోన్ నిలిపి వీడియో తీయండి. ఫోన్ రోడ్డుకు దగ్గరగా ఉంటే, గుర్తుకూ బండికీ మధ్య కోణం మారి లెక్క తప్పుతుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో 60 కి.మీ. వేగంతో వచ్చే బండి 50 మీటర్లు దాటడానికి 90 ఫ్రేములు పడుతుంది. ఒక ఫ్రేము అటూఇటూ అయినా పొరపాటు 1 శాతమే. ముందు బండికి కనీసం 5 సెకన్ల ఎడంగా వచ్చే వాహనాలనే లెక్కలోకి తీసుకోండి. వెనకాల ఇరుక్కున్న బండి వేగం దాని డ్రైవరు ఎంచుకున్నది కాదు కదా. ఇలా 100 వాహనాలు కొలిచి, తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేర్చి, 85వది చూడండి. రోడ్డు ఇంజనీర్లు మొదట అడిగే అంకె అదే.

85వ వేగం పరిమితికి 15, 20 కి.మీ. పైన ఉండి, ప్రమాదాలు మాత్రం పెద్దగా లేకపోతే ఆ రోడ్డు వెడల్పుకూ పరిమితికీ పొంతన లేదని అర్థం. అలాంటి చోట కెమెరాకు చలానాలు కుప్పలుగా పడతాయి. అయితే ఒక హెచ్చరిక: జనం నడిచే వీధిలో ఈ అంకెను చూపి "అందరూ 65లో పోతున్నారు, పరిమితి పెంచండి" అని అడగడం తప్పు. డ్రైవరుకు హాయిగా ఉన్న వేగం రోడ్డు దాటే పిల్లాడికి క్షేమమైన వేగం కాదు.

ఒక్క కెమెరా దగ్గరే కొలిచి ఊరుకోవద్దు. 500 మీటర్ల ముందు, కెమెరా దగ్గర, 1.5 కి.మీ. తర్వాత, మూడు చోట్లా కొలవండి. కెమెరా కనబడగానే బ్రేకు వేసి, దాటగానే ఉరకడం డ్రైవర్ల అలవాటు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి 2017లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో కెమెరాకు 500 మీటర్ల లోపల ప్రమాదాలు బాగా తగ్గాయి, 1.5 కి.మీ. దాటాక మళ్లీ పెరిగిన జాడలు కనిపించాయి. మీ కొలతల్లో ఇదే కనిపిస్తే, అడగాల్సింది సగటు వేగం కొలిచే జంట కెమెరాలు. వాటి మధ్య 3 కి.మీ. ఉంటే, 60 పరిమితిలో 3 నిమిషాలు పట్టాలి. 2 నిమిషాల 30 సెకన్లలో దాటిన బండి సగటున 72లో పోయినట్టే. ఏ స్తంభం దగ్గర బ్రేకు వేసినా లాభం లేదు.

ప్రమాదాల లెక్క: ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే

"పెట్టకముందు 3 ఏళ్లలో 10 ప్రమాదాలు, పెట్టాక 5. సగానికి సగం తగ్గాయి" అని ప్రకటన వస్తుంది. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి జరిగితే కాకే పడగొట్టిందని అనుకున్నట్టు ఉంటుంది ఇది. కెమెరాలను ఎక్కడ పెడతారు? వరసగా ప్రమాదాలు జరిగిన చోట. అంటే ఆ రోడ్డుకు ఖర్మ కాలిన కాలాన్ని చూసి పెడతారు. ఏమీ చేయకపోయినా తర్వాతి ఏళ్లలో అంకె దాని మామూలు స్థాయికి దిగివస్తుంది. ఇది సగటు వైపు మళ్లడం. దీన్ని తీసేయకుండా చెప్పే ఏ శాతాన్నీ నమ్మొద్దు.

తీసేసే పద్ధతి ఇది. అదే వెడల్పు, అదే రద్దీ, అదే రకం మలుపులు ఉండి కెమెరా లేని రోడ్లను, వీలైతే 20కి తగ్గకుండా, ఎంచుకోండి. వాటిలో 3 ఏళ్లకు ప్రమాదాల సగటు 4 వచ్చిందనీ, స్ప్రెడ్‌షీట్‌లో వేరియన్స్ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 8 వచ్చిందనీ అనుకుందాం. వేరియన్స్‌లోంచి సగటు తీసేసి, సగటు వర్గంతో భాగించండి: 8లోంచి 4 పోతే 4, దాన్ని 16తో భాగిస్తే 0.25. ఇప్పుడు 0.25ను సగటు 4తో గుణించి 1 కలపండి: 2 వస్తుంది. 1ని ఆ 2తో భాగిస్తే 0.5. ఇలాంటి రోడ్ల సగటుకు ఇవ్వాల్సిన బరువు అది. మిగతా 0.5 మీ రోడ్డు సొంత అంకెకు. అంటే 4లో సగం 2, 10లో సగం 5, మొత్తం 7. కెమెరా లేకున్నా అక్కడ 10 కాదు, 7 ప్రమాదాలే జరిగేవని ఎదురుచూడాలి.

ఇంకో మెట్టు ఉంది. అదే కాలంలో ఆ ప్రాంతమంతటా ప్రమాదాలు 10 శాతం తగ్గాయనుకోండి, మెరుగైన వాహనాల వల్లో, హెల్మెట్ తనిఖీల వల్లో. 7లోంచి 10 శాతం తీస్తే 6.3. నిజంగా జరిగినవి 5. కాబట్టి కెమెరా ఖాతాలో వేయదగ్గ తగ్గుదల 1.3, అంటే 21 శాతం. చాటిన 50 ఎక్కడ, ఈ 21 ఎక్కడ! అయినా 21 చిన్నదేమీ కాదు. లెక్క సరిచేయడమంటే కెమెరాను కొట్టిపారేయడం కాదని గుర్తుంచుకోండి. బ్రిటన్‌లో కెమెరాల పథకం మీద 2005లో వచ్చిన నాలుగేళ్ల నివేదికలో, కెమెరా చోట్ల చనిపోయినవాళ్లు, తీవ్రంగా గాయపడ్డవాళ్లు 42 శాతం తగ్గారని ముందు పేజీల్లో ఉంది. నిశితంగా చూస్తే అందులో పెద్ద వాటా సగటు వైపు మళ్లడమేనని ఆ నివేదిక అనుబంధమే చూపింది.

ఇక చివరి చిక్కు. 5 అనే అంకె కేవలం యాదృచ్ఛికంగానే దాని వర్గమూలమంత, అంటే 2.2 వరకు, అటూఇటూ ఊగుతుంది. మనకు దొరికిన తగ్గుదల 1.3 ఆ ఊగులోనే మునిగిపోయింది. ఒక్క కెమెరా గురించి ప్రమాదాల లెక్కతో తీర్పు చెప్పలేం. అలాంటివే 20 కెమెరాలు కలిపి చూస్తే రావాల్సినవి 126, జరిగినవి 100, ఊగు 10. అప్పుడు 26 తేడా గట్టిగా నిలబడుతుంది. అందుకే ఒక్క కెమెరాను వేగాలతో తూచాలి, గుంపును ప్రమాదాలతో తూచాలి.

రికార్డులో ప్రమాదం రకం కూడా చదవండి. వీధిదీపం లేక, మలుపులో బండి అడ్డం తిరిగి జరిగినవైతే స్పీడ్ కెమెరా దానికి మందు కాదు. వెనక నుంచి గుద్దినవి కొత్తగా పెరిగితే హఠాత్తు బ్రేకులు కారణం కావచ్చు. పక్క రోడ్డు మీద రద్దీ, ప్రమాదాలు పెరిగాయేమో కూడా చూడాలి, వాహనాలు దారి మళ్లితే ప్రమాదాలూ వాటి వెంటే పోతాయి.

చలానాలు ఏం చెబుతాయి

పనిచేస్తున్న కెమెరాకు ఆదాయం తగ్గుతూ పోవాలి. నెలవారీ చలానాలను ఆ నెల దాటిన వాహనాల సంఖ్యతో భాగించి, వెయ్యి వాహనాలకు ఎన్ని అని గీత గీయండి. మొదట్లో 30 ఉన్నది ఏడాదికి 5కి దిగితే జనం మారారు. గీత దిగకుండా అలాగే ఉంటే కారణం వెతకాలి. చలానా ఇంటికి నెల తర్వాత చేరుతోందా? రోజూ ఆ దారిన పోయే మనిషి మొదటి కాగితం అందేలోపే పది తప్పులు చేసి ఉంటాడు, నేర్చుకోవడానికి అవకాశమే లేదు. నోటీసు వారంలో చేర్చడం కెమెరా కొనడమంత ముఖ్యం. ఒకే వాహనానికి మళ్లీ మళ్లీ పడుతున్నాయా, లేక కొత్తవాళ్లే చిక్కుతున్నారా అన్నది చూడండి. కొత్తవాళ్లే అయితే బోర్డు కనబడడం లేదు.

గీత ఒక్కసారిగా ఎగిసినా, పడినా ముందు యంత్రాన్ని అనుమానించండి. పరిమితికి 10 పైన పట్టేదాన్ని 5 పైన పట్టేలా మారిస్తే ఎవరూ వేగం పెంచకుండానే చలానాలు పెరుగుతాయి. కెమెరా చెడిపోయిన నెలలను విజయంగా లెక్కించినవాళ్లూ ఉంటారు. పనిచేసిన గంటల లెక్క అడిగి తీసుకోండి.

డబ్బు దారి

వసూలైన సొమ్ము ప్రభుత్వ ఖజానాకు పోతే అది తప్పు కాదు. వచ్చే ఏటి బడ్జెట్‌లో ఇంత రావాలని ముందే లక్ష్యం రాసి పెట్టుకోవడం తప్పు. కాంట్రాక్టు కాగితంలో చూడాల్సినవి: నిర్వాహకుడికి నెలకింత అని ఇస్తున్నారా, చలానాకింత అని ఇస్తున్నారా, చోటు ఎంచేది ఎవరు, ఇన్ని చలానాల కంటే తక్కువ పడితే నిర్వాహకుడికి నష్టపరిహారం ఇవ్వాలన్న షరతు ఉందా. చలానాకింత అన్న ఒప్పందం ఉన్న చోట, కెమెరా ఎంత మంచిదైనా జనం నమ్మరు, నమ్మమని అడగడం కూడా న్యాయం కాదు. బ్రిటన్‌లో 2000 నుంచి స్థానిక బృందాలు తమ ఖర్చులను జరిమానాల్లోంచే రాబట్టుకునేవి, 2007లో ఆ ముడి తెంపారు. స్వీడన్‌లో వీటిని ట్రాఫిక్ భద్రతా కెమెరాలనే పిలుస్తారు, ముందే బోర్డు ఉంటుంది, అన్ని కెమెరా పెట్టెలూ అన్ని వేళలా కొలవవు. పెట్టెను చూసి కాలు తీస్తే చాలునన్నది వాళ్ల ఉద్దేశం.

మీకొచ్చిన చలానా సరైనదేనా

ఈ యంత్రాల వంశంలో పేరుమోసిన ఒకదాన్ని తయారు చేసింది 1953 మాంటే కార్లో ర్యాలీ గెలిచిన డచ్ డ్రైవర్ మౌరిస్ గాట్సోనిడెస్, మలుపుల్లో తన కారు వేగం తెలుసుకోవడానికే. రాడార్ కెమెరా రోడ్డుకు కోణంలో చూస్తుంది కాబట్టి చదివే వేగం అసలుకంటే తక్కువ వస్తుంది, యంత్రం దాన్ని సరిచేస్తుంది. 20 డిగ్రీలకు సరిచేసిన కెమెరా నిజానికి 18 డిగ్రీల్లో బిగిస్తే 100ను 101.2గా చూపుతుంది, 22లో బిగిస్తే 98.7గా. గంటకు 100 కి.మీ. లోపు వేగాలకు జర్మనీలో 3, ఫ్రాన్స్‌లో స్థిర కెమెరాలకు 5 కి.మీ. తీసేసి లెక్కించడం ఇలాంటి వాటి కోసమే. ఇంతకంటే పెద్ద పొరపాటు, ఫోటోలో రెండు వాహనాలు పక్కపక్కన ఉన్నప్పుడు ఒకదాని వేగం ఇంకోదానికి అంటగట్టడం.

అర సెకను ఎడంతో రెండు ఫోటోలు, రోడ్డు మీద 2 మీటర్లకొక తెల్లగీత ఉంటే మీరే సరిచూసుకోవచ్చు. రెండు ఫోటోల్లోనూ ఒకే టైరు నేలను తాకే చోటు చూడండి. బంపరును చూస్తే కోణం వల్ల తప్పుతుంది. ఒక్కో గీత ఎడం గంటకు 14.4 కి.మీ. 5 ఎడాలు దాటితే 72. చలానాలో 85 అని ఉంటే అభ్యంతరం రాయాల్సిందే.

తేలిన దాన్ని ఏం చేయాలి

వేగాలు, చలానాలు రెండూ తగ్గితే ఆ కెమెరాను కదపమని ఎవరడిగినా ఒప్పుకోవద్దు. చలానాలు పుష్కలంగా ఉండి 85వ వేగం కదలకపోతే రోడ్డును మార్చమని అడగండి: ఎత్తు చేసిన దాటుచోటు, నడుమ ఆగడానికి తిన్నె, సన్నబరచిన లేన్లు. వేగాలు తగ్గినా 1.5 కి.మీ. తర్వాత మళ్లీ పెరిగితే జంట కెమెరాలు అడగండి. అర్జీలో కొలిచిన తేదీ, సమయం, వాన ఉందో లేదో, 100 వేగాల పట్టిక, గుర్తుల మధ్య దూరం రాసి జతచేయండి. రోడ్డు మారాక 6 నెలలకు అదే వారం, అదే గంటకు, అవే గుర్తుల మధ్య మళ్లీ కొలవండి.