వేసవి శిబిరం మేలో, దాని పని ఏప్రిల్లో: విశాఖ తల్లిదండ్రులకు

జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) వేసవి ఆటల శిక్షణ శిబిరాలు సాధారణంగా మే మొదట్లో మొదలై నెలాఖరుకి అయిపోతాయి. చేర్పించే పని మాత్రం ఏప్రిల్ మూడో వారానికే ముగించాలి. అందుకు కారణం బడి సెలవులు. 2025లో రాష్ట్రంలో బడులకు ఏప్రిల్ 24 నుంచి సెలవులిచ్చి జూన్ 12న తిరిగి తెరిచారు. వయసు రుజువుకి స్టడీ సర్టిఫికెట్ అడిగారంటే మే నెలలో బడి ఆఫీసుకి తాళం ఉంటుంది, సంతకం పెట్టే హెడ్మాస్టరు దొరకరు. ఆఖరి పరీక్ష రోజునే ఆ కాగితం చేతికి తెచ్చుకుంటే సగం పని అయినట్టే.

ఒక కవర్లో ఇవి సర్దిపెట్టుకోండి: పిల్లల ఆధార్ జిరాక్సులు రెండు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ జిరాక్సు, స్టడీ సర్టిఫికెట్, పాస్‌పోర్టు సైజు ఫొటోలు నాలుగు, తల్లి లేదా తండ్రి ఫోన్ నంబరు రాసిన చీటీ. ఆధార్లో, బడి రికార్డులో పేరూ పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే సరిచూడండి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనుక ఉండటం, ఒక అక్షరం తేడా రావడం మామూలే. శిబిరం వరకూ ఎవరూ పట్టించుకోకపోవచ్చు. కానీ పిల్లవాడు బాగా ఆడి అండర్-14 సెలక్షన్‌కి వెళ్తే ఆ తేడా దగ్గరే ఆగిపోతాడు. ఆధార్లో వేలిముద్రలు, ఫొటో 5 ఏళ్లకి ఒకసారి, 15 ఏళ్లకి మరోసారి మార్పించాలి. ఆ పని మిగిలి ఉంటే దీంతోపాటే పూర్తి చేయండి.

ఎక్కడ అడగాలి? ముందు మీ వార్డు సచివాలయం. అక్కడ విద్యా కార్యదర్శిని కలిసి, "క్యాంపులు ఎప్పుడండీ?" అని ఊరికే అడిగితే "ఇంకా ఏమీ రాలేదమ్మా" అన్న జవాబే వస్తుంది. ప్రశ్న విడగొట్టి అడగండి: మన వార్డుకి దగ్గర్లో ఏ గ్రౌండులో ఏ ఆట పెడుతున్నారు, ఫారం అక్కడ ఇవ్వాలా జోనల్ ఆఫీసులోనా, వయసు ఏ తేదీ నాటికి లెక్కేస్తారు. ఈ మూడింటికీ జవాబు దొరకకపోతే జోనల్ ఆఫీసుకి వెళ్లండి. అక్కడా తేలకపోతే తెన్నేటి భవన్లోని జీవీఎంసీ ప్రధాన కార్యాలయానికి.

అన్నిటికన్నా నమ్మకమైన చోటు మాత్రం గ్రౌండే. ఏప్రిల్లో ఏదో ఒక రోజు పొద్దున్న ఆరింటికి మీరు అనుకున్న మైదానానికి వెళ్లి నిలబడండి. ఏడాది పొడవునా పిల్లల్ని ఆడించే కోచ్‌లు అక్కడే ఉంటారు. చాలాచోట్ల వేసవి బ్యాచ్ కూడా వాళ్ల చేతిలోనే ఉంటుంది. నోటీసు అంటించక ముందే ఆట, టైము, సీట్ల సంగతి వాళ్లకి తెలిసిపోతుంది. అక్కడే ఇంకో మూడు విషయాలు కళ్లతో చూసి రండి: తాగునీళ్లు ఉన్నాయా, ఆడపిల్లలు వాడగలిగే బాత్రూమ్ తాళం తీసి ఉందా, కూర్చోడానికి నీడ ఉందా. ఈ మూడూ లేని గ్రౌండులో ఎంత మంచి కోచ్ ఉన్నా మే రెండో వారానికి పిల్లలు పల్చబడతారు.

ఊళ్లో శిబిరాలు పెట్టేది జీవీఎంసీ ఒక్కటే కాదు. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ కింద పనిచేసే జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ శిబిరాలు వేరు. జిల్లా గ్రంథాలయ సంస్థ తన గ్రంథాలయాల్లో నడిపే వేసవి విజ్ఞాన శిబిరాలు వేరు. ఇందిరా గాంధీ జూ వేసవి శిబిరం అటవీ శాఖది. ఒకదాని ఫారం ఇంకోదానికి పనికిరాదు. ఒకచోట సీట్లు నిండాయంటే వెంటనే రెండోచోట అడగండి. చదవడం, బొమ్మలు వేయడం, కథలు చెప్పడం ఇష్టపడే పిల్లలకి గ్రంథాలయ శిబిరం చాలా మంచిది. దాని మీద జనం చూపు తక్కువగా ఉండటం నిజంగా బాధాకరం. జూకి సోమవారం సెలవన్నది గుర్తుపెట్టుకోండి.

ఇక ఏ ఆటలో చేర్చాలన్నది. ఈతకి, షటిల్‌కి, స్కేటింగ్‌కి, క్రికెట్‌కి తోపులాట ఎక్కువ. ఖో-ఖో, కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్‌కి సీట్లు తేలిగ్గా దొరుకుతాయి, కిట్ ఖర్చూ ఉండదు. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఇది మొదటి శిబిరమైతే ఖో-ఖో గానీ అథ్లెటిక్స్ గానీ మేలు. పరుగు, వంగడం, తిరగడం వచ్చిన పిల్లలు తర్వాత ఏ ఆటకైనా సులువుగా మారతారు. స్కేటింగ్ అనుకుంటే హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు లేకుండా మొదటి రోజు కూడా పంపకండి. స్కేట్లు వెంటనే కొనేయకండి. మొదటి వారం అరువు జతతో నడిపించి, పిల్లలు నిలబడతారని తేలాకే కొనండి.

దూరం కూడా ఆట అంత ముఖ్యమైన విషయమే. నడిచి పావుగంటలో చేరే గ్రౌండు మామూలుదైనా, రెండు బస్సులు మారి వెళ్లే పెద్ద స్టేడియం కన్నా నయం. ఆరు గంటల బ్యాచ్‌కి ఐదింటికి లేవాలి, తీసుకెళ్లే పెద్దవాళ్లు కూడా రోజూ లేవాలి. బస్సు తప్పదనుకుంటే ఒక వెసులుబాటు ఉంది: 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడపిల్లలకి, అమ్మలకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గరుండాలి. మగపిల్లలకి 12 ఏళ్ల వరకూ అర టికెట్.

ఈత సంగతి విడిగా చెప్పాలి. బీచ్ రోడ్డులో జీవీఎంసీ ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది. ఈత బ్యాచ్‌లకి ఫీజు ఉంటుంది, మేలో రద్దీ కూడా ఎక్కువే. డబ్బు కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. ఎవరి చేతికో నోట్లు ఇచ్చి రాకండి. కాటన్ నిక్కరు నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, అందుకే నైలాన్ కాస్ట్యూమ్, టోపీ, గాగుల్స్ కావాలి. దిగే ముందు స్నానం, ఎక్కాక మళ్లీ స్నానం. జలుబు, కళ్లకలక, చెవినొప్పి ఉన్న రోజు మాన్పించండి. లోతు తక్కువ ఉన్న వైపు ఎంత లోతో, ఒక్కో కోచ్‌కి ఎంతమంది పిల్లలో, లైఫ్‌గార్డు ఎక్కడ నిలబడతాడో అడగండి. నెల రోజుల్లో కొలనులో చేతులు కాళ్లు ఆడించడం వస్తుంది. ఆ ధైర్యంతో ఆర్కే బీచ్‌లో దిగనివ్వకండి. మన తీరంలో అల వెనక్కి వెళ్లేటప్పుడు లాగే ఒరవడికి పెద్ద ఈతగాళ్లే నిలవలేరు.

ఎండ విషయంలో విశాఖని లోపలి జిల్లాలతో పోల్చి మోసపోకూడదు. మేలో ఇక్కడ ఉష్ణోగ్రత 35 డిగ్రీల దగ్గరే ఆగినా, సముద్రపు తేమ వల్ల పట్టిన చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అందుకే పిల్లలు తడిసి ముద్దవుతారు గానీ లోపల వేడి తగ్గదు. పొద్దున్న బ్యాచ్ ఎనిమిదింటికల్లా ముగియాలి. ముగించడం లేదంటే కోచ్‌తో మర్యాదగానే మాట్లాడండి. లీటరు నీళ్ల సీసా తప్పనిసరి, ప్రతి పావుగంటకీ నాలుగు గుక్కలు తాగాలి. గ్రౌండుకి వెళ్లే ముందు అరటిపండు, వచ్చాక మజ్జిగన్నం గానీ చోడి (రాగి) అంబలి గానీ. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చదునుగా కొలిచిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కొలత తప్పకండి. పిల్లలు తూలుతున్నా, మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా ఆట ఆపి నీడకి తెచ్చి, తడిగుడ్డతో తుడుస్తూ 108కి ఫోన్ చేయండి.

పదమూడు దాటిన ఆడపిల్లల్ని శిబిరం దాకా తేవడమే అసలు కష్టం. అందులో చాలా భాగం టైముతో వచ్చేదే. మేలో ఇక్కడ ఐదున్నరకే తెల్లారుతుంది, సాయంత్రం ఆరూ ఇరవై ప్రాంతంలో పొద్దు గూకుతుంది. ఆరున్నరకి విడిచిపెట్టే బ్యాచ్‌లో చేర్చితే ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది, రెండో వారంలో ఇంట్లోవాళ్లే ఆపేస్తారు. పొద్దున్న బ్యాచ్ అడగండి. ఒకే వీధి నుంచి ముగ్గురు నలుగురిని కలిపి చేర్చండి. ఒకళ్లు రాకపోయినా మిగతావాళ్లు వెళ్తారు, పెద్దవాళ్లు కూడా వంతులు వేసుకోవచ్చు. నెలసరి రోజుల్లో మానాల్సిన పని లేదని కోచ్‌కీ పిల్లకీ ముందే చెప్పండి. ఏ గ్రౌండులోనైనా ఎవరైనా పిల్లలతో తప్పుగా నడిస్తే 1098కి చెప్పాలన్న సంగతి పిల్లలకి నోటికి వచ్చి ఉండాలి.

వైకల్యం ఉన్న పిల్లలుంటే ఫారంతో పాటు సదరం సర్టిఫికెట్ పెట్టి, ఏ సాయం కావాలో ఒక కాగితం మీద రాసివ్వండి. బీచ్ రోడ్డులోని ఆల్ ఎబిలిటీస్ పార్కులో అందరూ కలిసి ఆడుకునేలా ఆటవస్తువులు ఉన్నాయి. అక్కడ కొన్నాళ్లు ఆడించాక శిబిరానికి తీసుకెళ్తే పిల్లలు తక్కువ బెదురుతారు.

చేరాక చాలామంది మొదటి కొన్ని రోజుల్లోనే మానేస్తారు. కొత్త బూట్లు మడమ కొరుకుతాయి, తొడలు పట్టేస్తాయి. బూట్లు వారం ముందే తొడిగించి ఇంట్లో తిప్పండి, సాక్సులు కాటన్‌వే వేయండి. రాలేని రోజు కోచ్‌కి ముందుగా చెప్పండి. చెప్పకుండా మూడు రోజులు రాకపోతే ఆ సీటు బయట ఎదురుచూస్తున్న పిల్లకి ఇచ్చేసినా తప్పుపట్టలేం. ఆఖర్లో ఇచ్చే సర్టిఫికెట్‌కి హాజరు చూస్తారు కాబట్టి రోజూ పేరు పలికించుకోమని పిల్లలకి చెప్పండి.

కోచ్ రాకపోవడం, గేటు తీయకపోవడం లాంటివి రెండు మూడు సార్లు జరిగితే గ్రౌండు పేరు, తేదీలు, బ్యాచ్ టైము, వీలైతే ఫొటోతో రాసి అధికారులు సోమవారం అర్జీలు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. ఇచ్చిన అర్జీ నంబరు దాచుకోండి. "క్యాంపు బాగా జరగట్లేదు" అని ఒక్క వాక్యం రాస్తే ఏ అధికారికి పంపాలో కూడా తేలదు.

మే ఆఖరి వారంలో కోచ్‌ని కలిసి జూన్‌లో ఏ బ్యాచ్ ఉంటుందో, దానికి నెలకి ఎంతో, బడి తెరిచాక ఎన్నింటికి రావాలో అడిగి కాగితం మీద రాయించుకోండి. బడి తెరిచిన మొదటి పది రోజులు పుస్తకాలు, యూనిఫాంల హడావుడిలో గ్రౌండు జారిపోతుంది. ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీదో, బడి సంచిలోనో కనబడేలా పెట్టండి.